ఎడమవైపు ఖాళీ

ఆ ఇంటి గడియారం పది నిమిషాలు ముందు నడుస్తుంది. సిటీ బస్సు నడిపే తండ్రి రోజూ పొద్దున్నే దాన్ని చూసి కంగారుపడి, గోడ మేకుకున్న టోపీ లాక్కుని, గుమ్మం దాకా వెళ్లి, విషయం గుర్తొచ్చి వెనక్కి వచ్చి తీరిగ్గా టీ తాగుతాడు. సరిచేయించవచ్చు కదా అంటే, ఇంకా కంగారుపడటానికి ఏం మిగులుతుంది అంటాడు.

ఆ రోజు ఆయన వెళ్లాక కూతురు కిటికీ పక్కనున్న బల్ల ముందు కూర్చుంది. ఇరవై ఆరేళ్లు వచ్చినా ఇంట్లో చిట్టే. వీడియో గేములకు బొమ్మలు గీయడం ఆమె పని. ఇప్పుడు గీస్తున్నది ఆట తెరవగానే కనిపించే మొదటి బొమ్మ. 'ఆట మొదలు', 'సెట్టింగులు', 'నిష్క్రమణ' అన్న మీటలు దాని మీదే వస్తాయి. అందుకని ఎడమవైపు మూడోవంతు ఖాళీగా వదలమని కంపెనీ ఆర్ట్ డైరెక్టరు చెప్పాడు. గదిలోంచి ఎవరో ఇప్పుడే లేచి వెళ్లినట్టు ఉండాలని కూడా చెప్పాడు.

మొదటిది సులువే. రెండోదే ప్రాణం తీస్తోంది. ఇప్పటికి రెండు బొమ్మలు పంపితే రెండింటికీ ఒకటే జవాబు వచ్చింది: గది బాగుంది, కానీ ఇందులో మనుషులు ఉంటున్నట్టు లేదు. సాయంత్రం ఐదింటికి మూడోది పంపాలి. ఈసారీ కుదరకపోతే పని ఇంకొకరికి వెళ్లిపోతుంది. ఉన్న ఉద్యోగం మానేసి, ఇంట్లోనే కూర్చుని బొమ్మలు వేసుకుంటానని ఆరు నెలల క్రితం అందరినీ ఒప్పించిన మనిషికి అది తల కొట్టేసినట్టే.

అందుకే ఈసారి ఊహలు కట్టిపెట్టి తమ ముందుగదినే గీసింది. టీ గ్లాసుతో వచ్చిన తల్లి ఆ బొమ్మ చూసి అక్కడే నిలబడిపోయింది. మేకుకు టోపీ, అబద్ధాలాడే గడియారం, తలుపు దగ్గర పెచ్చు లేచిన గచ్చు, అన్నీ ఉన్నాయి. తల్లి ఒక్కొక్కటీ గుర్తుపట్టి ముచ్చటపడింది. తర్వాత ఆమె చూపు బొమ్మలో ఎడమవైపున్న కిటికీ పక్కకు వెళ్లింది. అక్కడ వట్టి గోడ ఉంది.

"ఇక్కడేం వెయ్యలేదేం?"

"అక్కడ ఏమీ ఉండకూడదమ్మా. ఉంటే అడ్డం," అంది చిట్టి తెర మీంచి తల తిప్పకుండా.

తల్లి గ్లాసు బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది.

ఇరవై రెండేళ్లు ఆ కిటికీ పక్కన ఉన్నది తల్లి కుట్టుమిషను. స్కూలు యూనిఫారాలు, కర్టెన్లు, సంచులు, వీధిలో సగం మంది బట్టలు దాని మీదే కుట్టింది. చిట్టి చదువు కూడా దాని మీదే సాగింది. బొమ్మలకు వెలుతురు కావాలని కూతురు అడిగిన రోజున అలాగే అంది. మిషను బయటి మెట్ల మలుపులోకి వెళ్లి, పాత దుప్పటి కప్పుకుంది. అక్కడి చీకట్లో దారం కనిపించక తల్లి కుట్టడం తగ్గిపోయింది. ఎందుకని అడిగితే కళ్లు ఆనడం లేదంది. నిజం చెప్పకుండా ఉండటంలో ఆ ఇంట్లో గడియారానికి ఆమె తోడు.

మధ్యాహ్నం డ్యూటీ దిగి వచ్చిన తండ్రికి భోజనం వడ్డిస్తూ తల్లి మామూలుగా ఒక మాట చెప్పింది. సాయంత్రం కర్టెన్ల షాపు ఆవిడ వచ్చి మిషను తీసుకెళుతుందట. తనే ఊరికే ఇచ్చేస్తోందట.

చిట్టి ముద్ద చేతిలోనే ఆపింది. ఇంత హడావిడిగా ఈ రోజే ఎందుకని అడిగింది. కళ్లు ఆనని దానికి మిషనెందుకు అంది తల్లి. డాక్టరు కళ్లు బాగున్నాయన్నాడుగా అని తండ్రి అన్నాడు. పెరుగు వేసుకోండి అని ఆయనకు జవాబొచ్చింది.

"అమ్మా, సూటిగా చెప్పు. ఏమైంది?"

"ఏముంది. ఇంట్లో అడ్డమంటే లేచి పక్కకు వెళ్లాను. బొమ్మలో కూడా అడ్డమేనని ఇవాళ తెలిసింది."

"అది మీటల కోసం వదిలిన చోటమ్మా. అక్కడ అక్షరాలొస్తాయి. అయినా అది ఆట కోసం వేసిన బొమ్మ, మన ఫ్యామిలీ ఫొటో కాదు."

"కాదా? మీ నాన్న టోపీ ఉంది. పగిలిన గచ్చు కూడా ఉంది. ఆ గచ్చు పాటి చేయనా నేను?"

చిట్టి ముద్ద కంచంలోనే వదిలేసింది. లేచి చేయి కడుక్కుని మెట్ల మలుపులోకి వెళ్లింది. దుప్పటి తీసి చూస్తే మిషను మీద వేలితో పేరు రాయగలిగినంత దుమ్ము ఉంది. ఈ ఆరు నెలల్లో రోజుకు నాలుగుసార్లు దాని పక్కనుంచే మెట్లు దిగింది. ఒక్కసారి కూడా చూడలేదు. అక్కడే మెట్టు మీద కూర్చుని ఏడ్చేసింది.

కాసేపటికి ముఖం తుడుచుకుని వచ్చి, కిటికీ పక్క వట్టి గోడ ముందు మిషను గీసింది. తర్వాత బొమ్మ మొత్తాన్ని అద్దంలో చూసినట్టు తిప్పేసింది. కిటికీ, మిషను కుడివైపుకు వచ్చాయి. టోపీ ఉన్న గోడ ఎడమవైపుకు వెళ్లింది. ఆ గోడను ఖాళీ చేయాలి. తండ్రిని పిలిచి, నీ టోపీ తీసేయక తప్పదు నాన్నా, అక్కడ 'నిష్క్రమణ' వస్తుంది అంది. రోజూ నేను చేసేది అదేగా, రానీ అన్నాడాయన.

తలుపు దగ్గర నిలబడిన తల్లి ఎంతసేపని ఊరుకుంటుంది.

"చక్రం ఎడం పక్కకు వచ్చింది. దాని మీద ఎవరూ కుట్టలేరు."

నిజమే. బొమ్మ తిప్పడంతో మిషను కూడా తిరగబడింది. గడియారంలో అంకెలూ తిరగబడ్డాయి గానీ వాటి గొడవ తల్లికి పట్టలేదు. చిట్టి చక్రాన్ని కుడివైపుకు మార్చి, అంకెలు సరిచేసి, ఇంకేమైనా తప్పులున్నాయా అని అడిగింది. తల్లి కుర్చీ లాక్కుని పక్కనే కూర్చుంది.

"సూది అలా పైకి పెట్టావేం? పని మధ్యలో లేస్తే నేను సూది గుడ్డలోకి దించే లేస్తాను. పైకెత్తితే గుడ్డ జారిపోతుంది. దించి ఉంటే, వచ్చి కూర్చోగానే ఆపిన చోటునుంచే కుట్టుకోవచ్చు."

చిట్టి సూదిని గుడ్డలోకి దించింది. సగం కుట్టిన నీలం గుడ్డ మిషను మీంచి వేలాడింది. స్టూలు కాస్త ఏటవాలుగా వెనక్కి జరిగింది. అప్పుడు బొమ్మలోని గదిలోంచి ఎవరో లేచి వెళ్లారు.

నాలుగు యాభైకి బొమ్మ వెళ్లింది. కర్టెన్ల షాపు ఆవిడకు రావద్దని తండ్రి ఫోన్ చేశాడు. ఆరింటికి కంపెనీ నుంచి జవాబొచ్చింది: "ఇదే. ఎవరో వెళ్లినట్టు ఉంది, మళ్లీ వచ్చేట్టూ ఉంది. ఏమీ మార్చకండి."

మర్నాడు తండ్రికి సెలవు. పొద్దున గడియారం చూసి ఎవరూ కంగారుపడలేదు. తండ్రీకూతుళ్లు ఆయాసపడుతూ మిషను లోపలికి తెచ్చి కిటికీ పక్కన పెట్టారు. చిట్టి బల్ల టోపీ గోడ వైపుకు జరిగింది. తల్లి మిషను తుడిచి, నూనె వేసి, ఆరు నెలలుగా ఆగిపోయిన నీలం కర్టెన్ తీసి కుట్టడం మొదలుపెట్టింది.

వంటింట్లోంచి పాలు పొంగిన వాసన వచ్చింది. తల్లి ఒక్క ఉదుటున లేచి పరుగెత్తింది. చిట్టి తలెత్తి చూసింది. స్టూలు ఏటవాలుగా జరిగి ఉంది. సూది గుడ్డలోకి దించే ఉంది.