కనపడని విండో

సుందర్ టీ గుక్క పూర్తిగా మింగకముందే కుప్పకూలాడు. కలకత్తా పక్కన షాలిమార్ స్టేషను బయట, పట్టపగలు, అంతమంది మధ్యలో. టీలో విషం కలిపిన మనిషి జనంలో కలిసిపోయాడు.

గంట తర్వాత ఏజెంట్ మల్లేశు తన చీఫ్ వెంకటరత్నం ఎదుట నిలబడ్డాడు.

"సుందర్ మన ప్రోగ్రామర్," అన్నాడు చీఫ్. " సంత్రాగాఛి దాటాక ఓ గూడ్స్ యార్డుంది. అక్కడి కంప్యూటర్లో కనపడని విండో ఒకటి పట్టుకున్నాడు."

"కనపడని విండోనా?"

"స్క్రీన్ మీద ఎన్ని విండోలున్నా కీబోర్డు ఒక్కదాని మాటే వింటుంది. ఫోకస్ ఎక్కడుంటే అక్షరాలు అక్కడ పడతాయి. విదేశీ ముఠా పెట్టిన విండో ఆ ఫోకస్ లాక్కుని, కంట్రోలర్ పాస్‌వర్డు మింగేసింది. సాయంత్రం గ్యాస్ ట్యాంకర్ల గూడ్సు వస్తోంది. లోకల్ ట్రైన్ ఆగి ఉన్న లైనులోకి దాన్ని వదులుతారు."

"అక్కడ మనవాళ్లెవరు?"

"సమీర. 'ఇలిష్ చేప దొరికిందా?' అని అడుగు. 'ముళ్లే మిగిలాయి' అంటుంది."

మల్లేశు ఏసీ మెకానిక్ వేషంలో వెళ్లాడు. గుమ్మంలోనే సమీర ఎదురైంది. నల్ల జాందానీ చీర, చూపు తిప్పుకోనివ్వని ముఖం. కోడ్ సరిపోయింది. అంతటితో మల్లేశు ఆమెను నమ్మేశాడు, బుద్ధి లేకుండా.

కంట్రోలర్ పోలిరాజు కలకత్తాలోనే తల నెరిసిన శ్రీకాకుళం మనిషి. అతను పక్కకు జరగగానే మల్లేశు కంప్యూటర్ వెనక చిన్న రిసీవర్ గుచ్చాడు. దాని బటన్ మల్లేశు బూటులో, బొటనవేలి కింద ఉంది. నొక్కితే ఫోకస్ వెనకున్న విండోకి మారుతుంది. ముఠా కమాండ్ ఇవ్వబోతే దారి మళ్లించడానికే అది.

మల్లేశు లేచేసరికి సమీర చేతిలో పిస్తోలు ఉంది.

"ఇద్దరూ గోడ దగ్గరికి నడవండి."

కిటికీలోంచి లోకల్ కనిపిస్తోంది. జనం తలుపులు పట్టుకుని వేలాడుతున్నారు. దూరంగా ట్యాంకర్లు సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నాయి.

"మా ఇంటిది ఆ బండిలో ఉంది దాదా," అన్నాడు పోలిరాజు. "కార్పొరేషన్ డ్యూటీ దిగి వస్తంది. ఇప్పుడేటి చేత్తాం?"

సమీర కుడిచేతిలో పిస్తోలు, ఎడమచెయ్యి కీల మీద. కళ్లు మల్లేశును వదల్లేదు. స్క్రీన్ చూడకుండా టైపు చేయడం ఆమెకు అలవాటే.

మల్లేశు బొటనవేలితో బూటులోని బటన్ నొక్కాడు.

రూల్సుకు విరుద్ధంగా పోలిరాజు కంట్రోల్ విండో వెనక భార్య తవిటమ్మతో చాట్ తెరిచి ఉంచాడు. పాస్‌వర్డు, లైను నంబరు, కమాండు అన్నీ అందులో పడ్డాయి. సమీర ఎంటర్ కొట్టింది. ట్యాంకర్లు కదల్లేదు.

ఆమె స్క్రీన్ వైపు తిరిగింది. సంగతి అర్థమై మౌస్ అందుకుంది. పోలిరాజు ఒక్క ఉదుటున ఆ చేతి మీద పడ్డాడు. పిస్తోలు పేలింది. రెండోసారి పేలేలోగా మల్లేశు ఆమె మణికట్టు విరిచి, కుర్చీకి కట్టేశాడు.

పోలిరాజు ఊపిరి అప్పటికే ఆగిపోయింది. కోడ్ సరిపోతే చాలనుకున్నందుకు మల్లేశుకు తన మీద తనకే అసహ్యం వేసింది. బయట లోకల్ కూత వేసి కదిలింది.

స్క్రీన్ మీద తవిటమ్మ జవాబు వచ్చింది.

"ఏటిది రాసినావు? నాకేటీ తెలీలేదు. బండి కదిలింది. నేనొచ్చీవరకు అన్నం తినకు."

ఫోకస్ ఇంకా ఆ విండోలోనే ఉంది. మల్లేశు ఏ కీ నొక్కినా ఆమెకే చేరుతుంది. ఏం నొక్కాలో మాత్రం డిపార్ట్‌మెంటు ట్రైనింగులో చెప్పలేదు.