ఆరో బల్ల మీద వేడి ప్లేటు

చీకటి పడ్డాక ఆ మూసేసిన హోటల్ వైపు ఎవ్వరూ వెళ్లేవాళ్లు కాదట. వెళ్లక తప్పనివాళ్లు రోడ్డుకి అవతలి పక్కన, గోడకి భుజం రాసుకుంటూ, ఊపిరి బిగబట్టి నడిచేవాళ్లట.

ఊపిరెందుకు బిగబట్టడమంటే... వాసన.

తలుపుకి తాళం. తాళానికి తుప్పు. లోపల దీపం లేదు, మనిషి లేడు. కానీ రాత్రి తొమ్మిది దాటిందంటే చాలు, ఎక్కడి సందుల్లోంచో ఉల్లిపాయలు వేగుతున్న వాసన... దాని వెనకే టక్, టక్‌మని గరిటె చప్పుడు.

"ముసలాయనే," అనేవాళ్లు గొంతు తగ్గించి. "పొయ్యి ముందే పడిపోయాడు కదా. ఒంటిని వదిలింది గానీ ప్రాణం గరిటెని వదల్లేదు."

ఆ హోటల్ ముసలాయన వానాకాలంలో గుండె పట్టుకుని కూలబడ్డాడు. ఆంబులెన్సులో తీసుకెళ్లారు. తర్వాత ఎవరూ చూడలేదు. పోయాడని పాలవాడు చెప్పాడు. పాలవాడు చెప్పాక ఆ వీధిలో ఇంక తిరుగులేదు.

ఆ మాట విని వీధి చివర దర్జీ కొట్లో గుండీలమ్మాయి ఏడ్చింది. చొక్కాలకి కాజాలు కుట్టి గుండీలు వెయ్యడం ఆమె పని. నాలుగేళ్లుగా మధ్యాహ్నం అన్నం ఆ హోటల్లోనే.

అదేం గొప్ప హోటల్ కాదు. ఆరు బల్లలు. ఆరోదానికి ఒక కాలు పొట్టి, దాని కింద మడతపెట్టిన అట్టముక్క. గోడ గడియారం పది నిమిషాలు ముందుండేది. తినేవాళ్లకి పనికి ఆలస్యం కాకూడదని ముసలాయనే అలా పెట్టాడు. ఆ సంగతి తెలిసిన జనం హాయిగా ఇంకో పది నిమిషాలు కూర్చునేవాళ్లు.

వంటింటికీ హాలుకీ మధ్య చిన్న కిటికీ ఉండేది. అందులోంచి ప్లేటు వచ్చేది, ప్లేటుతో పాటు రెండు చేతులు... ఎడమ మణికట్టు మీద నెలవంకలా కాలిన మచ్చ. నాలుగేళ్లలో ఆమె ముసలాయన మొహం సరిగ్గా చూసింది లేదు. చేతులే చూసింది. రాత్రుళ్లు అద్దెగదిలో ఒంటరిగా పడుకుని ఆ చేతులకి ఒక్కోరోజు ఒక్కో మొహం పెట్టి చూసుకునేది. ఇంత పెద్ద ఊళ్లో తన కోసమని ఒకరు పొయ్యి వెలిగించే చోటు ఆమెకి అదొక్కటే.

అలాంటి చోటుని ముసలాయన కొడుకు పరుపుల వ్యాపారికి ఇస్తానని మాటిచ్చేశాడట. రేపే బల్లలూ కుర్చీలూ అన్నీ బయట పడేస్తారట.

"పరుపులా?" అంది గుండీలమ్మాయి. "ఆకలేసి వచ్చినవాళ్లని పడుకోమంటారా?"

ఇంక ఆగలేకపోయింది. ఆరో బల్ల మీది మిరియాల డబ్బా ఈ రాత్రే దొంగిలించి తెచ్చుకుని, బతికినన్నాళ్లూ దిండు పక్కన పెట్టుకోవాలనుకుంది.

"దెయ్యం పట్టుకుంటే?" అన్నాడు దర్జీ మాస్టారు, నోట్లో గుండుసూదులు పెట్టుకునే.

"నాలుగేళ్లు తిన్నాను మాస్టారూ. నన్ను గుర్తుపట్టదా?"

"నీ మొహం ఆయనెప్పుడు చూశాడే తల్లీ. తిరిగొచ్చిన ప్లేట్లు చూసి కదా మనుషుల్ని పోల్చుకునేవాడు."

దెయ్యం వచ్చేది తొమ్మిదికి. ఎనిమిదిన్నరకే పని ముగించుకుని బయటపడాలని లెక్క. సందులో ఉన్న కిటికీకి గడియ పడదని అందరికీ తెలుసు. పావడా ఎత్తిపట్టుకుని లోపలికి దూకింది. చీకట్లో తడుముకుంటూ ఆరో బల్ల చేరింది. డబ్బా దొరికింది. తుడిచి, గుండెకి హత్తుకుని, ఒక్క నిమిషమని కూర్చుంది...

ఆ ఒక్క నిమిషంలో ఎన్ని మధ్యాహ్నాలు గుర్తొచ్చాయో ఏమో.

వెనక తలుపు కిర్రుమంది.

వంటింట్లో ఎవరో నడుస్తున్నారు. అగ్గిపుల్ల గీసిన చప్పుడు... కొవ్వొత్తి వెలుగు... కత్తిపీట మీద ఏదో తెగుతున్న చప్పుడు. కాసేపటికి వాసన. అదే వాసన.

ఆమె డబ్బాని ఇంకా గట్టిగా పట్టుకుంది. మెల్లగా, మెల్లగా బల్ల కిందికి జారింది. జారుతుంటే కాలు తగిలి కుర్చీ బర్రుమని కదిలింది.

వంటింట్లో గరిటె ఆగిపోయింది.

ఎంతసేపు ఆగిందో.

అప్పుడు కనపడింది... తెల్లటి ఆకారం. నడుస్తోంది. తల ఉండాల్సిన చోట తల లేదు, పొగ ఉంది. ఒక్కో అడుగే వేస్తూ ఆరో బల్ల దగ్గరికొచ్చి, పొగలు కక్కుతున్న ప్లేటు పెట్టింది. కొవ్వొత్తి వెలుగులో మణికట్టు మీద నెలవంక మచ్చ తళుక్కుమంది.

ఆ చేతులు ప్లేటుని బల్ల మధ్యకి తోసేసి చటుక్కున వెనక్కి పోయాయి.

"ఏమైనా... తక్కువైతే చెప్పండి," అని గొణిగి, ఆకారం వచ్చిన దానికంటే వేగంగా వంటింట్లోకి పోయింది.

గుండీలమ్మాయి బల్ల కింద కళ్లు గట్టిగా మూసుకుంది. కళ్లయితే మూసుకుంది గానీ ముక్కు మూసుకోలేకపోయింది. గుడ్లు కొట్టి వేయించిన బంగాళాదుంపలు, అంచులు కరకరలాడుతూ... పక్కన నిప్పు మీద కాల్చిన రొట్టె. ఇది తిని మూడు నెలలైంది.

బల్ల కిందనుంచి ఒక చెయ్యి పైకి లేచింది. ఒక ముక్క తీసుకుని కిందికి పోయింది. మళ్లీ లేచింది. అలా, తగిలిన మిరియాలని ఏరి పక్కన పెడుతూ, ప్లేటు దాదాపు ఖాళీ అయ్యేదాకా లేస్తూనే ఉంది.

కాసేపటికి ఆకారం మళ్లీ వచ్చి, తల తిప్పుకునే ప్లేటు తీసుకుపోయింది. కొవ్వొత్తి దగ్గర దాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తోంది. చూస్తూ చూస్తూ...

"రొట్టె అంచు కొరికి వదిలేసింది. మిరియాలన్నీ ఏరి చుట్టూ గుండీల్లా పేర్చింది. ఆరో బల్ల పిల్లా... నువ్వటే?"

"నేనే," అంది బల్ల కిందనుంచి సన్నటి గొంతు. "మీరు పోయారన్నారుగా?"

"ఎవరన్నారు?"

"పాలవాడు."

"వాడి మొహం. నేనే నిన్ను దెయ్యమనుకుని చచ్చిపోయేవాణ్ణి." ముసలాయన అక్కడే కూలబడి తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"దెయ్యమనుకుని అన్నం పెట్టారా?"

"దెయ్యమైతే ఏం, కుర్చీ లాక్కుని కూర్చుంటే కస్టమరే కదమ్మా."

డాక్టరు పొయ్యి దగ్గరికి వెళ్లొద్దన్నాడట. కూతురు తన ఇంట్లో మంచం మీద పడుకోబెట్టింది. ఆవిడ నిద్రపోయాక రోజూ ఇలా దొంగతనంగా వచ్చి ఒక్క ప్లేటు వండుకుని పోతున్నాడట.

"మంచం మీదుంటే గుండె ఎటుపడితే అటు కొట్టుకుంటోంది. ఇక్కడైతే గరిటెతో పాటు కొట్టుకుంటుంది. ఇవాళ్టితో అదీ..."

మాట పూర్తి కాలేదు. ముందు తలుపు తాళంలో తాళంచెవి తిరిగింది.

"మా అమ్మాయి," అని ముసలాయన కొవ్వొత్తి ఊదేశాడు. "నన్నిక్కడ చూసిందా, జన్మలో పొయ్యి ముట్టనివ్వదు." వంటింట్లో నక్కాడు.

గుండీలమ్మాయికి చేతికందింది పక్కబల్ల మీద దుమ్ము పడకుండా కప్పిన తెల్లదుప్పటి. కప్పుకుంది.

"పొద్దున్నే వచ్చి చూసుకునేవాణ్ణి కదమ్మా," అంటున్నాడు కూతురి వెనకే వచ్చిన పరుపుల వ్యాపారి, టార్చి అటూ ఇటూ తిప్పుతూ.

"పొద్దున నాకు తీరదండీ," అంది కూతురు.

"ఏదో వాసనొస్తోందే..."

"వాసనా? నాకేం రావట్లేదే."

టార్చి వెలుగు ఆరో బల్ల మీద పడింది. బల్ల వెనకనుంచి తెల్లగా ఒక ఆకారం నిదానంగా లేచింది. లేచింది గానీ దెయ్యాలు ఏం మాట్లాడతాయో దానికి తెలియదు. ఆ గదిలో అలవాటైన మాటే నోటికొచ్చింది.

"ఎంతమందీ... కూర్చుంటారూ..."

వంటింట్లో టక్, టక్‌మని గరిటె మోగింది.

టార్చి కింద పడింది. పరుపుల వ్యాపారి ఒక చెప్పు గడప దగ్గరే వదిలేసి పారిపోయాడు. రెండోది ఏ వీధిలో వదిలాడో ఇప్పటికీ తెలియదట.

కూతురు మాత్రం కదల్లేదు. టార్చి తీసుకుంది. కుర్చీ లాక్కుని తీరిగ్గా కూర్చుంది.

"నాన్నా."

వంటింట్లో గరిటె మెల్లగా కింద పెట్టిన చప్పుడు.

"గ్యాస్ బండ దానంతటదే నిండుతోందనుకున్నావా నాన్నా?"

వంటింటి గుమ్మంలోకి ముసలాయన తల వచ్చింది. "నిద్రపోతున్నావనుకున్నా."

"నువ్వు చెప్పులు చేత్తో పట్టుకుని బయల్దేరితే నాకు నిద్రెలా పడుతుంది? రోజూ నువ్విల్లు చేరేదాకా ఆ సందులో నిలబడేది నేనే. ఉల్లిపాయలు నింపిందీ నేనే."

"మరి ఈయన్నెందుకు తీసుకొచ్చావే?"

"తమ్ముడు మాటిచ్చేశాడు. వాడికి ఎదురు చెప్పడం నా వల్లెక్కడవుతుంది? దెయ్యం వల్లైతే అవుతుందని ఈ వేళకి తీసుకొచ్చా." "మధ్యాహ్నం ఒక్క పూటే తెరుద్దాం. బస్తాలు ఎత్తకూడదు. పొయ్యి దగ్గర నీ పక్కనే నేనుంటా."

ముసలాయన తువ్వాలు భుజాన వేసుకున్నాడు. లోపలికెళ్లి పొయ్యి వెలిగించాడు. రెండు ప్లేట్లు తెచ్చి ఆరో బల్ల మీద పెట్టాడు.

కూతురు టార్చిని దుప్పటి వైపు తిప్పింది. అది ఇంకా అలాగే నిలబడి ఉంది, తీసెయ్యాలో వద్దో తెలియక.

"ఒక్క దెయ్యమే ఉంటుందనుకున్నా," అంది. "మీరూ కూర్చోండి దెయ్యంగారూ. చల్లారిపోతోంది."