ఆగకూడని గూడుబండి

మూడు వాగులు కలిసే చోట కేతవరం అనే రాజ్యం ఉండేది. ఆ రాజ్యానికి వచ్చిన కష్టం పగవాడి ఊరికి కూడా రాకూడదు. ఒక వేసవి ఉదయాన పొలంలో నాగలి పట్టిన రైతు నిలబడ్డవాడు నిలబడ్డట్టే రాయైపోయాడు. మర్నాడు చల్ల చిలుకుతున్న ఇల్లాలు కవ్వం తాడు చేతిలో ఉండగానే రాయైంది. పాదాల దగ్గర మొదలై మెల్లగా పైకి పాకే ఆ రోగానికి జనం రాతిజ్వరం అని పేరు పెట్టుకున్నారు. మందు లేదని చెప్పడానికి వచ్చిన వైద్యుడు ఆ మాట చెబుతూ చెబుతూనే రాయైపోయాడు.

కొన్నాళ్ళకు ఒక్క సంగతి తెలిసింది. మనిషి కదులుతున్నంతసేపు జ్వరం పైకి పాకదు, ఆగితే పాకుతుంది. పాదాలు రాయైనవాళ్ళు నడవలేరు కనుక, వాళ్ళను బండ్లలో పడుకోబెట్టి కోటగోడ చుట్టూ తిప్పసాగారు. పగలనక రాత్రనక బండ్లు గానుగెద్దుల్లా తిరిగేవి. ఇరుసు విరిగిన బండి ఆగిపోయేది. ఆగిన బండిలోంచి కాసేపు ఏడుపు వినిపించేది. ఆ తరువాత అదీ వినిపించేది కాదు.

ఆ బండ్లన్నిటినీ బాగుచేసేవాడు వడ్ల వీరాచారి. ఒకరోజు అతను చెక్క చెక్కే బాడిస ఎత్తినవాడు ఎత్తినట్టే రాయైపోయాడు. కూతురు సూరమ్మకు తండ్రికోసం ఏడ్చే తీరిక కూడా దొరకలేదు. ఎందుకంటే ఆ సాయంత్రమే తల్లి పేరమ్మ గడపలో కూలబడి, “సూరీ, నా పాదం గిల్లి చూడవే. నాకేమీ తెలియడం లేదు” అంది.

మూడు అడవుల అవతల కరుగుకొండ ఉందనీ, అక్కడ రాయి కూడా కరుగుతుందనీ పెద్దలు చెప్పుకునేవారు. మందుకోసం అక్కడికి వెళ్ళినవాళ్ళు ఉన్నారు గాని తిరిగి వచ్చినవాళ్ళు లేరు. సూరమ్మ ఇక ఆలోచించలేదు. తండ్రి చివరగా చేసిన గూడుబండిని బయటికి లాగింది. పైన వెదురు బద్దల గూడు, దానిమీద చాప, లోపల మనిషి కాళ్ళు చాపుకునేంత చోటు. అడుగున నులకమంచం వేసి, దానిమీద ఎండుగడ్డి మందంగా పరిచి, గోనెలూ జంపఖానా వేసి తల్లిని పడుకోబెట్టింది. నీళ్ళకుండ, సుత్తి, ఇరుసుకు రాసే కందెన సర్దుకుంది. కర్రి, పుల్ల అనే రెండు ఎద్దులను కాడికి కట్టింది. తండ్రి భుజం మీద రాలిన చెక్కపొట్టు తుడిచి, “వెళ్ళొస్తాం నాన్నా” అంది.

మొదటి అడవి అంతా బండరాళ్ళు. ఎద్దులు నీళ్ళు తాగి తల ఎత్తేటంతసేపే బండి ఆగేది. అంతలోనే సూరమ్మ ఇరుసుకు కందెన రాసి, చక్రం ఊడకుండా పట్టి ఉంచే సీలలు సరిచూసుకునేది. బండి ఆగకుండా చూసుకుంది గాని, కుదుపుల సంగతి ఆమెకు తట్టలేదు. ఆగినప్పుడల్లా రాయి కొంచెం కొంచెం పాకి, మోకాళ్ళ దాకా వచ్చింది. ఎడమచేతి వేళ్ళకూ సోకింది. ఒకచోట చక్రం బండమీదికెక్కి దబ్బున దిగింది. లోపల ఏదో చిటుక్కుమంది.

“అమ్మా, ఏమైంది?”

“ఏం లేదులే. నువ్వు ముందుకు చూసి తోలు.”

సూరమ్మ గూట్లోకి తొంగిచూసింది. తల్లి చిటికెనవేలు విరిగి గడ్డిలో పడి ఉంది. రక్తం లేదు, నొప్పి లేదు. ఆగితే అమ్మ రాయవుతుంది. కదిలితే ముక్కలవుతుంది. ఇంక దారేదీ?

దారి పక్కనున్న పుట్టలోంచి ఒక తెల్లటి గడ్డం బయటికి వచ్చింది. “ఎవరమ్మా అది, తపస్సు దగ్గర ఈ గడబిడ?”

“స్వామీ, కుదుపుకు మా అమ్మ వేలు విరిగింది. ఉపాయం చెప్పండి.”

“కూర్చో తల్లీ. నిదానంగా చెబుతాను.”

“బండి ఆగకూడదు స్వామీ. తమరే లేచి, నడుస్తూ చెప్పాలి.”

“నేను లేవడమా? నేను కూర్చున్ననాటికి ఈ మద్దిచెట్టు మొలక!”

“అయితే దణ్ణం. నేను పోవాలి” అంటూ సూరమ్మ ఎద్దులను అదిలించింది.

“పెద్దాయనతో అలాగేనా మాట్లాడేది?” అని లోపలినుంచి పేరమ్మ కసిరింది.

“ఉండు, ఉండు, తొందరపిల్లా!” అంటూ ముని పుట్ట పగులగొట్టుకుని లేచాడు. మోకాళ్ళు కటకటలాడాయి. కుంటుకుంటూ బండి పక్కన నడిచాడు. “మెత్తన వేయడం మంచిదే. కాని కింద ఎంత వేసినా కుదుపు కిందనుంచే వస్తుంది కదా? ఆ సాలెగూడు చూడు. కొమ్మ ఊగుతోంది, సాలీడు ఊగుతోందా? మీ అమ్మను నేలకు ఆనించకు, వేలాడదీయి.”

సూరమ్మకు అర్థమైంది. నడుస్తూనే ముని అడవితీగలు కోసి ఇచ్చాడు, ఆమె వాటిని తాళ్ళుగా పేనింది. బండి నాలుగు మూలల కర్రలకు కట్టి, నులకమంచాన్ని ఉయ్యాలలా వేలాడదీసింది. ఎండ సోకకుండా గూటికి పచ్చి ఆకులు కప్పింది, గాలి ఆడేలా చాపకు ఒక పక్క కిటికీ కోసింది. మళ్ళీ చక్రం బండ ఎక్కి దిగింది. బండి అదిరింది, మంచం మాత్రం మెల్లగా ఊగి ఊరుకుంది.

అడవి చివర ముని ఆగిపోయాడు.

“తమరూ రాకూడదా స్వామీ?”

“ఈ అడవి దాటితే నా తపస్సు పోతుందమ్మా. వెళ్ళు.”

చూడకూడదనుకుంటూనే సూరమ్మ వెనక్కి చూసింది. ముసలాయన చెయ్యి ఎత్తి అలాగే నిలబడ్డాడు. మలుపు తిరిగేసరికి ఆ చెయ్యి కూడా కనిపించలేదు.

రెండో అడవి ఎండుటడవి. అక్కడి గాలికి చక్రాల చెక్క ఎండి కుంచించుకుపోయింది, దాని చుట్టూ ఉన్న ఇనుప పట్టా వదులై టకటకలాడసాగింది. వేసవిలో వడ్రంగులు చక్రాలను నీళ్ళలో నానవేస్తారు. నీరు తాగి చెక్క ఉబ్బితే పట్టా బిగుసుకుంటుంది. సూరమ్మకు ఊహ తెలిసినప్పటినుంచీ ఆ పని తెలుసు. దారిలో ఒక చిన్న వాగు కనిపించగానే బండిని ఇరుసు దాకా అందులో దింపింది. ఆగకూడదని తెలియక కాదు. నీళ్ళు బండిని రాసుకుంటూ పారుతున్నాయి, ఉయ్యాలమంచం ఊగుతోంది. పారే నీటిలో ఉండడం ప్రయాణంలో ఉన్నట్టేనని తనకు తాను సర్దిచెప్పుకుంది. ఎండిన చక్రాన్ని చూసి కూడా నీళ్ళలో పెట్టకుండా ఉండడం వడ్లవారింట పుట్టినవాళ్ళ చేత కాదు.

చెక్క ఉబ్బాలని ఆమె చక్రాన్నే చూస్తూ కూర్చుంది. తల్లిని చూడలేదు.

“సూరీ” అన్న పిలుపు విని లేచేసరికి పేరమ్మ రొమ్ము దాకా రాయైపోయింది. సూరమ్మ కేకపెట్టి ఎద్దులను తోలింది. బండి ఒడ్డెక్కింది. ఎక్కగానే ఒక చక్రం పట్టా ఊడి, ఇసుకలో దొర్లుకుంటూ పోయి పడిపోయింది. బండి ఒరిగి ఆగింది. చేసిన తప్పుకు ఫలితం కూడా దక్కలేదు. సూరమ్మ ఇసుకలో కూలబడి గుండెలు బాదుకుంది.

“ఏడుపు ఆపవే పిల్లా, చెవులు పోతున్నాయి!” అంటూ తాటిచెట్టంత రాక్షసుడు ఒకడు వచ్చి నిలబడ్డాడు. “నేను గండోదరుణ్ణి. పేరు విన్నావా? నిన్ను చూస్తే...”

“ఆ మాటలు తరువాత! ముందు బండి ఎత్తు! ఎత్తి నడువు!” అని సూరమ్మ అరిచింది.

తనమీద ఎవరూ అలా అరిచి ఎరుగని గండోదరుడు బిత్తరపోయి, ఆమె ఎద్దులను విప్పగానే బండిని భుజానికెత్తుకుని నడవసాగాడు. పది అడుగులు వేశాక గాని అతనికి కోపం రాలేదు.

“నేనెందుకు మొయ్యాలే దీన్ని? నాకేమిస్తావు?”

“నీకేం కావాలి?”

“ఆకలి. ఒక ఎద్దు కావాలి. నా ఊపిరి నిప్పు. పట్టా కాల్చి ఇస్తాను, నీ చక్రం నువ్వు బిగించుకో.”

“ఎద్దును అడక్కు. నన్ను తిను.”

“నిన్నా? పంటిసందులో ఇరుక్కోడానికి తప్ప ఎందుకు పనికొస్తావు?” అని అతను పకపకా నవ్వాడు. “చెప్పు తొందరగా. నా భుజం నొప్పెడితే ఇక్కడే దించేస్తాను.”

సూరమ్మ ఎద్దుల వైపు చూసింది. కర్రికి దూడప్పటినుంచి ఆమే గడ్డి వేసింది. పుల్ల ఆమె చేతినుంచి తప్ప కుడితి తాగదు. ఏ ఒక్కదాన్ని అడిగినా ప్రాణం పోయినట్టే. ముసలిది పుల్ల, దానికి కొండ ఎక్కే శక్తి లేదు. ఆ లెక్క వేసుకున్నందుకు తనమీద తనకే అసహ్యం వేసింది.

“పుల్లను తీసుకో” అంది తల దించుకుని.

అతను నడుస్తూనే బండిని ఆమెకు అందేలా వంచితే, సూరమ్మ ఇరుసుకున్న సీల తీసి, చక్రం ఊడదీసి, ఇసుకమీద పడుకోబెట్టింది. అతను బండి మోస్తూ చుట్టూ తిరుగుతూ పట్టామీద నిప్పు ఊదాడు. ఇనుము ఎర్రగా కాగి వెడల్పైంది. సూరమ్మ పట్టాను సుత్తితో చక్రానికి దిగ్గొట్టి నీళ్ళు పోసింది. కుయ్యిమని పొగ లేచింది. పట్టా చక్రాన్ని పిడికిలిలా బిగించింది. ఇంత బాగా తండ్రి కూడా బిగించలేదేమో. కాని మెచ్చుకునేవాళ్ళు లేరు.

పుల్ల ఆమె చెయ్యి నాకి రాక్షసుడి వెంట వెళ్ళింది. చెట్లచాటునుంచి కాసేపు మెడగంట వినిపించింది. ఆ తరువాత ఆగిపోయింది.

మూడో అడవి అంతా ఎత్తు. పుల్ల ఉండాల్సిన చోట సూరమ్మే కాడికింద భుజం పెట్టింది. కర్రి ఒక పక్క, తను ఒక పక్క. భుజం పుండైంది. వెనక్కి జారకుండా చక్రం వెనక దుంగ ఒకటి తాడుతో కట్టింది. ఆగాల్సివస్తే అది అడ్డుపడుతుంది. చేతనైన బాగులన్నీ చేస్తూనే ఉంది. ఆగిన ప్రతిసారీ రాయి పాకుతూనే ఉంది.

“నన్ను దించేసి వెళ్ళిపోవే. నీ భుజం చూడలేకుండా ఉన్నాను” అంది పేరమ్మ.

“ఊరుకో అమ్మా. నీతో మాట్లాడితే నాకు ఆయాసం.”

“నేను లేకపోతే వేళకు తినవు. జుట్టు దువ్వుకోవు. సగం దారిలో ఏడుస్తూ కూర్చుంటావు.”

“అందుకే నిన్ను లాక్కుపోతున్నాను. నా జుట్టు ఎవరు దువ్వుతారు?”

పేరమ్మ నవ్వింది. ఆ నవ్వు సగంలో ఆగింది. రాయి గొంతు దాటింది. ఆ తరువాత సూరమ్మ ఒక్కతే మాట్లాడుతూ లాగింది. కళ్ళు మాత్రం కదులుతున్నాయని మలుపు మలుపుకూ వెనుదిరిగి చూసుకుంది.

కరుగుకొండ చేరేసరికి ఆమెకు ఉన్న ఆశ కూడా పోయింది. కొండ చుట్టూ మోకాలిలోతు చక్రాల గాడులు పడి ఉన్నాయి. ఇక్కడికి వచ్చిన రాజకుమారులూ, వర్తకులూ ఆగడానికి భయపడి, బండ్లు విరిగేదాకా కొండ చుట్టూ తిరిగారు. విరిగిన బండ్లలో అందరూ రాళ్ళై కూర్చుని ఉన్నారు.

కొండమీద ఒక బండ కదిలింది. అది బండ కాదు, ఇల్లంత అలుగు జంతువు. ఒళ్ళంతా పెంకుల్లాంటి పొలుసులు.

“ఇక్కడ నేనే కాపలా. బండి విప్పు” అంది అలుగు.

“విప్పితే మా అమ్మ పోతుంది!”

“మీ రాజు ఊరేగింపు రథాలకు ఈ కొండ చెట్లన్నీ నరికించాడు. ఒక్కదాన్నీ నిలవనివ్వలేదు. నిలిచినవాటిని నరికినవాళ్ళకు నిలకడే శాపమైంది. ఆ చెట్లకు బదులు చెక్క మళ్ళీ మట్టిలో పాతాలి. ఎవరైనా తమంతట తాము ఇవ్వాలి.”

“ఇన్ని బండ్లు విరిగి పడి ఉన్నాయి కదా, వాటి చెక్క తీసుకో!”

“అవి విరిగినవి. ఇచ్చినవి కావు.”

“అమ్మ బతుకుతుందా? మాట ఇస్తావా?”

“కొండ ఎవరికీ మాట ఇవ్వదు” అంది అలుగు.

సూరమ్మ కాడి వదలలేదు. ఇంకొక చుట్టు తిరిగింది. ఈ చక్రాలు గట్టివి. ఇంకా చాలాకాలం తిరగవచ్చు. కర్రి పడిపోయేదాకా, తను పడిపోయేదాకా. ఆ తరువాత? గూట్లోకి తొంగిచూసి, “అమ్మా, నాకు భయంగా ఉందే. ఏం చెయ్యను?” అని అడిగింది. పేరమ్మ కళ్ళు కూతురి పుండుపడిన భుజాన్ని చాలాసేపు చూశాయి. తరువాత, పాపను నిద్రపుచ్చే తల్లిలా, మెల్లగా మూసుకున్నాయి.

సూరమ్మ కర్రిని విప్పింది. దుంగ తీసింది. తల్లిని మంచంతో సహా నేలమీదికి దించింది. సీలలు పీకి, చక్రాలు లాగి, చక్రాల్లో ఆకులనే అడ్డకర్రలు, ఇరుసు, నొగ, కాడి, ఏ ముక్కకు ఆ ముక్క దెబ్బ తగలకుండా విడదీసింది. గట్టిగా బిగించిన పట్టా ఊడదీయడమే అన్నిటికంటే కష్టమైంది. అంతా అయ్యేసరికి పేరమ్మ కనురెప్పలు కూడా రాయైపోయాయి. ముక్కుదగ్గర వేలు పెట్టి చూసింది. ఊపిరి లేదు. సూరమ్మ ఆ చల్లటి చేతిని పట్టుకుని పక్కనే పడుకుంది. ఇక లాగవలసినదేమీ లేదు. ఇల్లు విడిచాక మొదటిసారి ఆమెకు నిద్ర పట్టింది.

అలుగు గోళ్ళతో మట్టి తవ్వి ఒక్కొక్క ముక్కనూ పాతింది. ఇరుసు చిగురించింది. చక్రాల ఆకులు నిజంగానే ఆకులు వేశాయి. వాటి వేళ్ళు కొండలోకి దిగి, ఎక్కడో బిగుసుకున్న ఊటను వదులు చేశాయి. ఆ నీరు తగిలిన రాతిమనుషులను కరిగిస్తూ, వాగుల వెంట కేతవరం దాకా పారింది.

ఎవరో తన జుట్టు చిక్కుతీస్తున్నట్టై సూరమ్మ కళ్ళు తెరిచింది. చిటికెనవేలు లేని చెయ్యి. వెచ్చటి చెయ్యి.

“ఎన్నాళ్ళయిందే తల దువ్వుకుని? పిచుకలు గూడు పెడతాయి” అంది పేరమ్మ.

సూరమ్మ బావురుమంది. దాచుకున్న ఏడుపంతా అప్పుడు వచ్చింది.

తల్లీ కూతురూ కర్రిని తోలుకుంటూ నడిచి కేతవరం చేరారు. అప్పటికే అక్కడ అందరి రాయీ కరిగింది. వీరాచారి ఎత్తిన బాడిస దిగి, ఆగిన దెబ్బ పూర్తయింది. “బండి ఏదే?” అన్నాడు కూతుర్ని చూడగానే.

“ఇచ్చేశాను నాన్నా.”

“ఎవరికి?”

“చెట్లకి.”

రాజు సిగ్గుపడి తన రథాలన్నీ కొండకు పంపాడు. సూరమ్మ ఒప్పుకోకుండా ఆ రాజ్యంలో గొడ్డలి ఎత్తకూడదని శాసనం వేసి, అడవుల మీదా బాటల మీదా ఆమెకే అధికారం ఇచ్చాడు. ఆమె కాలంలో జబ్బుపడ్డవాళ్ళను ఉయ్యాలబండ్లలోనే తీసుకెళ్ళేవారు. పోయిన వేలు రాలేదు. పుల్లా రాలేదు. కర్రి పక్క చోటులో సూరమ్మ మరో ఎద్దును కట్టలేదు.

ఒకనాడు పేరమ్మ పొయ్యి దగ్గర చాలాసేపు కదలకుండా నిలబడింది. గుమ్మంలోంచి సూరమ్మ అది చూసింది.

“అమ్మా, కదులు!” అని అరిచింది.

పేరమ్మ గరిటె పట్టుకునే వెనక్కి తిరిగింది. “కాసేపు నిలబడనియ్యవే పిచ్చిదానా. నిలబడితేనే గదా అన్నం ఉడికేది!”