మళ్ళీ అడగరు కదా?

"మొత్తం ఒకేసారి లారీలో వేసి పంపేయండి. సాయంత్రానికి ఇల్లు ఖాళీ అయిపోవాలి," అన్నాడు వేదవ్యాస్.

"ఎక్కడికి పంపమంటారు?" అంది మనోజ్ఞ.

"ఎక్కడికైనా."

"ఆ ఎక్కడికైనా అనేది మా ఊరండీ."

అతను ఫోన్‌లోంచి తలెత్తాడు. అప్పటిదాకా ఆమె వైపు సరిగ్గా చూడనే లేదు.

"మాది పామర్రు పక్కన. బ్యారేజీ దగ్గర కాలువకి నీళ్ళు వదలగానే ముందు మీ బెజవాడ దిండ్లు, థర్మాకోల్ ముక్కలు, పగిలిన బకెట్లు వస్తాయి. నీళ్ళు వాటి వెనకాల వస్తాయి. మా నాన్న గట్టు మీద కర్ర పట్టుకుని నిలబడి, తూములో ఇరుక్కున్నవి లాగుతూ ఉంటాడు."

ఆమె గొంతు పెంచలేదు. పెంచితే అతనూ ఏదో ఒకటి అనేవాడే. నెమ్మదిగా చెప్పేసరికి ఫోన్ జేబులో పెట్టేశాడు.

వంటింట్లోంచి నవ్వు వినిపించింది. "బాగా అయింది! ఒరేయ్ వ్యాస్, ఆ అమ్మాయికి మంచినీళ్ళు తెచ్చివ్వు."

నవ్వినావిడ శాంతకుమారి గారు, వేదవ్యాస్‌కి దొడ్డమ్మ. స్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. బ్యాంకులో ఉద్యోగం వచ్చినప్పటి నుంచి అతను సత్యనారాయణపురంలో ఆవిడ దగ్గరే ఉంటున్నాడు. ఇప్పుడు ఓనరు ఈ పాత ఇంటిని పడగొట్టి అపార్ట్‌మెంట్ కడతానన్నాడు. ఆవిడ చెల్లెలి ఇంటి పక్కన చిన్న ఫ్లాట్ తీసుకున్నారు. ఈ సామానులో పావు వంతు కూడా అందులో పట్టదు.

మనోజ్ఞ పనిచేసే సంస్థ చిన్నది. ఇళ్ళు ఖాళీ చేసేవాళ్ళ కోసం సామాను వేరుచేసి, ఏది ఎవరికి పనికొస్తుందో చూసి పంపుతారు. సుద్దముక్కతో గుండ్రం గీస్తే ఆ వస్తువు ఇంకో ఇంటికి వెళ్ళి బతుకుతుంది. అడ్డగీత గీస్తే దాన్ని విడదీసి ఇనుము, ప్లాస్టిక్, గాజు వేరుచేస్తారు. ఇంటివాళ్ళు తమ చేత్తో అందిస్తే తప్ప ఏదీ ఆటో ఎక్కదు. అందుకునే ముందు ఒక మాట అడగాలి.

"మళ్ళీ అడగరు కదా?"

"పాత గ్రైండరుని మళ్ళీ ఎవరడుగుతారండీ?" అన్నాడు వేదవ్యాస్ మొదటి సాయంత్రం.

"అడుగుతారు. ఒకావిడ పప్పుగుత్తి కోసం ఇబ్రహీంపట్నం నుంచి ఏడుస్తూ వచ్చింది. అప్పటి నుంచి ఈ రూలు."

బరువులెత్తి అందించడం శాంతకుమారి గారి వల్ల కాదు కాబట్టి, అతను బ్యాంకు నుంచి వచ్చాకే పని మొదలయ్యేది.

ట్యూబులైటు పగిలితే లోపలి పాదరసం చెత్త ఎత్తేవాళ్ళకి ప్రమాదమని ఆమె చెప్పింది. ఆ రోజు అతను కాలిపోయిన ట్యూబులైటుని పసిబిడ్డని ఎత్తుకున్నట్టు రెండు చేతుల మీదా తీసుకొచ్చాడు. "ఏడవట్లేదు, నిద్రపోయింది," అన్నాడు గుసగుసగా. మనోజ్ఞ మొహం పక్కకి తిప్పుకుని నవ్వుకుంది.

ఇంకో రోజు పాత పరుపు విప్పారు. లోపలిది బూరుగు దూది. ఏకిస్తే అంగన్‌వాడీ పిల్లలకి చిన్న పరుపులవుతాయి. ఆ సాయంత్రమంతా అతని జుట్టులో ఒక దూది పింజ ఉండిపోయింది. మనోజ్ఞ చూసింది. చెప్పలేదు. చెప్తే తీసేస్తాడు.

హాస్టల్‌కి వెళ్ళాక ఆ దూది పింజే గుర్తొచ్చింది. రూమ్మేట్ ఉషశ్రీ అడిగింది, "ఏంటే, గోడ చూసి నవ్వుతున్నావ్?"

"ఏం లేదు. దూది."

"దూదా?"

మనోజ్ఞ దుప్పటి ముసుగు పెట్టుకుంది.

ఇంతలో ఒక వింత మొదలైంది. పెరట్లో కుంటి స్టూలు మీద మనోజ్ఞ గుండ్రం గీసి వెళ్తే, మర్నాటికి అది చెరిగిపోయి ఉండేది. మళ్ళీ గీసింది. మళ్ళీ తడిగుడ్డతో తుడిచిన మచ్చ కనిపించింది.

పాపం, శాంతకుమారి గారికి ఆ స్టూలు వదలబుద్ధి కావట్లేదేమో అనుకుంది. వంటింట్లోకి వెళ్ళి మెల్లగా చెప్పింది. "మేడమ్, మీకు అంత ఇష్టమైతే స్టూలు ఉంచేసుకోండి. మొహమాటపడకండి."

"ఆ కుంటి స్టూలా?" శాంతకుమారి గారు గరిటె పట్టుకుని వెనక్కి తిరిగారు. "దాని మీంచి పడి నా నడుం పట్టేసిందమ్మాయ్! పోతే పీడా పోతుందని చూస్తున్నా."

ఇద్దరూ హాల్లోకి చూశారు. వేదవ్యాస్ న్యూస్‌పేపర్ తలకిందులుగా పట్టుకుని తెగ చదువుతున్నాడు.

"పక్క పోర్షన్ వాళ్ళు రెండు రోజుల్లో ఖాళీ చేసి వెళ్ళిపోయారు," అన్నారు ఆవిడ ఎటో చూస్తూ. "మన ఇల్లు మాత్రం ఊరుతున్నట్టుంది, ఎంత తీసినా తరగదు. ఆ పుస్తకాల బీరువా సంగతేంటమ్మాయ్? రేపు రేపు అంటూనే ఉన్నావు?"

మనోజ్ఞకి చెవులు వేడెక్కాయి. "పుస్తకాలు... కొంచెం జాగ్రత్తగా చూడాలి మేడమ్."

"చూడు, చూడు."

ఆ వారమే అతనికి కర్నూలు ట్రాన్స్‌ఫర్ వచ్చింది. అప్పటి నుంచి ఇద్దరికీ మాటలు తగ్గాయి.

ఇల్లు ఖాళీ అయ్యేకొద్దీ గదుల్లో గొంతులు మోగసాగాయి. కర్టెన్లు పోయాయి, మంచాలు పోయాయి. అతను పెరట్లో దగ్గినా వీధి గుమ్మంలో వినిపించేది. ఒక్కో వస్తువూ అందుకుంటూ "మళ్ళీ అడగరు కదా?" అన్నప్పుడల్లా, ఈ ఇంటికి రావడానికి తనకున్న కారణం ఇంకొకటి తగ్గిందనిపించేది. ఇల్లు ఖాళీ చేయడం ఆమె ఉద్యోగం. ఈ ఒక్క ఇల్లు మాత్రం నిండుగా ఉండిపోతే బాగుండేది.

ఆఖరి రోజు పొద్దున్నుంచీ వాన. ఆటో మీద పట్టా కప్పి తిరుపతిరావు హారన్ కొడుతున్నాడు. "అమ్మాయిగారూ, ఏలూరు రోడ్డు మునిగిపోద్దండీ! తొందరగా!"

మిగిలింది కుంటి స్టూలే. వేదవ్యాస్ దాన్ని తెచ్చాడు. మనోజ్ఞ ఒక కాలు పట్టుకుంది. అతను రెండో కాలు వదల్లేదు.

"మళ్ళీ..." స్టూలు కాలు ఇంకాస్త గట్టిగా పట్టుకుంది. "మళ్ళీ అడగరు కదా?"

"అడుగుతాను."

"స్టూలునా?"

"స్టూలుని కాదు."

వాన చూరు మీంచి ధారగా కారుతోంది. హారన్ మోగింది. ఎవరూ కదల్లేదు.

"ఆ గుండ్రం నేనే తుడిచాను," అన్నాడు అతను. "అది పోతే మీరు రారని."

"బీరువా పని మొదటి రోజే అయిపోయేదండీ," అంది మనోజ్ఞ నేల వైపు చూస్తూ.

అతను ఒక్కసారి నవ్వేశాడు. అంతలోనే సిగ్గుపడి అటు తిరిగాడు. అప్పుడు కనిపించింది. నీలం చొక్కా వీపు మీద, సుద్దముక్కతో గీసిన తెల్లటి గుండ్రం.

చక్కటి గుండ్రం. ఎక్కడా వంకర లేదు. ఏళ్ళ తరబడి బ్లాక్‌బోర్డు మీద తిరిగిన చెయ్యి గీసినది.

మనోజ్ఞ గుమ్మం వైపు చూసింది. శాంతకుమారి గారు వేళ్ళకంటిన సుద్ద పమిట చెంగుకి తుడుచుకుంటున్నారు.

"ఏం చూస్తావ్? ఇంకో ఇంట్లో పనికొచ్చే వస్తువుకి గుండ్రమే కదా గీస్తారు?"

"దొడ్డమ్మా! ఏం చేశావ్?" అంటూ వేదవ్యాస్ వీపు చూసుకోబోయి తన చుట్టూ తనే తిరిగాడు.

"తుడిచావంటే ఊరుకోను! స్టూలు దగ్గర ఊరుకున్నా."

మనోజ్ఞ పెదవి కొరుక్కుంది. "మా నాన్న ఒప్పుకోవాలి కదా మేడమ్. మేం వేరే కులం వాళ్ళం..."

"మీ ఆఫీసులో నంబరు అడిగి, మీ నాన్న వెంకటప్పయ్య గారికి నిన్ననే ఫోన్ చేశా. ముందు గట్టిగా అరిచాడు. మా ఇంటి నుంచి కాలువలోకి ఒక్క ముక్క కూడా రాలేదని, అది నీ వల్లేనని చెప్పా. అప్పుడు తగ్గాడు. ఆదివారం వచ్చి మాట్లాడమన్నాడు. ఒప్పుకుంటానని అనలేదు, రావద్దనీ అనలేదు. తక్కిన పని నాది."

ఆవిడ అతని చెయ్యి పట్టుకుని మెట్టు దాకా తీసుకొచ్చారు. "ఇంటివాళ్ళు చేత్తో అందిస్తేనే కదా మీరు తీసుకునేది. ఇదిగో."

అతని చెయ్యి వాన చినుకుల్లో చాచి ఉంది. మనోజ్ఞ వెంటనే అందుకోలేదు. రూలు రూలే. ఆవిడ కళ్ళల్లోకి చూసి అడిగింది.

"మళ్ళీ అడగరు కదా మేడమ్?"

శాంతకుమారి గారి కళ్ళు చెమర్చాయి. అయినా టీచరు గొంతుతోనే అన్నారు.

"అడగను. కానీ పండక్కీ పబ్బానికీ తెచ్చి చూపించాలి. ఇద్దరూ కలిసి."