పేరు పెట్టని సాక

ఇబ్రహీంపట్నం బస్టాండు పక్క సందులో మోటారు వైండింగు షాపు నడిపే ఎల్లస్వామికి యాభై మూడేళ్ల బతుకులో ఎన్ని కాలిపోయిన బోరు మోటార్లు లొంగాయో లెక్కలేదు. లొంగనిది ఒక్క బామ్మర్దే. ఆ బామ్మర్ది పేరు చెన్నయ్య. పెద్దచెరువులో చేపలు పట్టే మనిషి, ఎల్లస్వామి భార్య రుక్కమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు. ఆరేళ్లుగా అక్క గడప తొక్కలేదు.

తప్పెవరిదంటే, దాచుకునేదేముంది, ఎల్లస్వామిదే. చెన్నయ్య తన కొడుకు సతీశ్‌కు ఉద్యోగం వచ్చిందని ఏసీ బారులో దావత్ ఇచ్చాడు. తలుపులు బిగించిన ఆ గదిలో, పదిమంది ముందు, ఎల్లస్వామి ముక్కు మూసుకుని, "చేపల వాసన గుప్పుమంటుంది, జర దూరం కూసోరాదు చెన్నయ్యా" అన్నాడు. అందరూ నవ్వారు. చెన్నయ్య కూడా నవ్వాడు. నవ్వుతూనే లేచాడు, చెయ్యి కడుక్కున్నాడు, వెళ్లిపోయాడు. అంతే.

ఎల్లుండి శుక్రవారం ఎల్లస్వామి కూతురు కరుణ పెళ్లి. వాళ్లింట్లో పెళ్లికూతుర్ని వెదురు గంపలో కూర్చోబెట్టి మండపం దాకా మోసుకురావలసింది మేనమామే. "నా తమ్ముడు గంప పట్టకపోతే నా బిడ్డ మండపం ఎక్కది. ఏం జేసుకుంటవో జేసుకో," అని రుక్కమ్మ తేల్చేసింది. ఎల్లస్వామి ఫోన్ చేశాడు. చెన్నయ్య ఇట్లా అన్నాడు:

"కూసుందాం బావ. గని గదిల కూసోను. నాలుగు చెట్లుండాలె, కింద గడ్డి ఉండాలె, గాలి తిరగాలె. నా వాసన గాలికి పోవాలె గద."

ఆ బుధవారం సాయంత్రం నాలుగింటికి, బామ్మర్దిని బండి వెనక ఎక్కించుకుని ఎల్లస్వామి బయల్దేరాడు. చెప్పాల్సింది ఒక్కటే మాట, 'తప్పైంది' అని. పొద్దుటి నుంచి షాపులో స్పానర్లకు చెప్పి సాధన చేశాడు. ఆ మాట చెప్పడానికి మంచి చోటు దొరికితే చాలనుకున్నాడు. ఆ చోటు వెతకడమే ప్రాణం తీసింది.

మొదటి గార్డెన్ బారు తుర్కయాంజాల్ దాటాక రోడ్డు పక్కనే. గేటు దగ్గర్నుంచే నేలంతా పచ్చగా మెరుస్తోంది. చెన్నయ్య చెప్పులు విడిచి, బొటనవేలితో రాసి చూశాడు.

"గడ్డి గాదు బావ, ప్లాస్టిక్ పట్టా."

"నువ్వేమన్న మేకవా, మేస్తవా? కూసో."

"కూసోను."

రెండోది రావిర్యాల వైపు. అసలు గడ్డే, వేపచెట్లు కూడా ఉన్నాయి. కానీ ఒక్కో చెట్టుకూ ఒక్కో స్పీకరు కట్టారు. కంపెనీ పిల్లలు ఎవరిదో పుట్టినరోజు చేస్తూ ముఖాల నిండా నురగ పూసుకుంటున్నారు. ఎల్లస్వామి బామ్మర్ది చెవి దగ్గర నోరు పెట్టి అరిచినా అతనికి వినపడలేదు. పక్క టేబుల్ వాళ్లకు మాత్రం వినపడి ఇటు తిరిగారు.

మూడోచోట చెట్లున్నాయి, నిశ్శబ్దంగానూ ఉంది. తీరా చూస్తే చెట్ల మధ్యన రేకుల గదులు, గదికో పరదా.

"ఫ్యామిలీనా, జెంట్సా?" అన్నాడు మేనేజరు.

"బావబామ్మర్దులం."

"గా సెక్షన్ లేదన్నా."

ఎల్లస్వామికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఎవరికీ చెప్పుకోని సంగతి ఇంకోటుంది. ఒక్కో చోటు తప్పిపోతున్నప్పుడల్లా విసుగుతో పాటు, లోపలెక్కడో కొంచెం హాయిగా కూడా ఉంది. ఆ మాట ఇంకో అరగంట ఆగొచ్చు కదా! ఆ హాయి మీద మళ్లీ విసుగు.

పొద్దు వాలుతోంది. వెనక నుంచి చెన్నయ్య భుజం తట్టాడు. "ఇగ సాలు బావ. నన్ను కట్ట కాడ దింపు. గంపకు ఎవర్నన్న సూస్కో."

"ఇంకొక్కటి. దేవుని తోడు, ఒక్కటే."

అప్పుడే కనపడింది బోర్డు. చెరువు వెనక భాగానికి పోయే మట్టి బాట మొదట్లో, తాటి మొద్దుకు కొట్టిన చెక్క. 'చెట్ల కింద కూర్చొను వసతి కలదు.' బారు పేరు లేదు, ఫోన్ నంబరు లేదు. బాణం గుర్తు ఒక్కటే. ఇన్నేళ్లుగా ఆ తోవన వంద మోటార్లు మోసి ఉంటాడు, ఎప్పుడూ ఆ బోర్డు చూసిన గుర్తు లేదు. కొత్తగా పెట్టారనుకున్నాడు. ఆ మొండిఘటం వెనక కూర్చుని ఉండగా అంతకన్నా ఆలోచించే ఓపిక ఎక్కడిది!

చోటు మాత్రం ఎంత బాగుందంటే, ఎల్లస్వామికి కోపమే వచ్చింది. ఇంత దగ్గర్లో పెట్టుకుని ఊరంతా తిరిగామా అని. కానుగ చెట్లు, వాటి కింద మెత్తటి తడి గడ్డి, రాతి మేజా, చుట్టూ ఆరు కుర్చీలు. కొమ్మలకు పసుపుపచ్చ బల్బుల తీగ. ఎదురుగా చెరువు నీళ్లు, నీళ్లకు అవతల ఊరి దీపాలు. వేరే మనిషి లేడు. తలకు తువ్వాల చుట్టుకున్న బక్కపలచని ఆయన ఒకడు వచ్చి, ముఖం ఎత్తకుండా, ఈత కల్లు లొట్టి మేజా మీద పెట్టాడు. గ్లాసులు పేర్చాడు. ఆరు.

"ఇద్దరమే ఉన్నం, కనబడ్తలేదా?" అన్నాడు ఎల్లస్వామి.

ఆయన ఆరు గ్లాసులూ నింపి వెళ్లిపోయాడు.

"చూసినవా! చెప్పినా ఇనడు. గిట్లాంటోళ్లే దొరుకుతరు నాకు."

చెన్నయ్య నవ్వలేదు. చుట్టూ చూస్తున్నాడు. "బావ, చెరువు పక్కన కూసున్నం. ఒక్క దోమ లేదు. కప్పలు సుత అరుస్తలేవు."

"దోమలుంటే కుడ్తున్నయంటవ్. లేకుంటే లేవంటవ్. ముందు తాగు."

"సాక పోసినంక."

అది వాళ్ల అలవాటు. కల్లు నోట్లో పడే ముందు నాలుగు చుక్కలు నేలకు పోసి, పోయిన మనవాళ్లను ఒక్కొక్కరిని పేరు పెట్టి పిలవాలి. దాన్నే సాక అంటారు. పెద్దవాడు ఎల్లస్వామే కాబట్టి అతనే పోయాలి. తండ్రి పేరు, అత్త పేరు, చిన్నప్పుడే పోయిన అన్న పేరు... అంతా చెప్పేసరికి ఈ మొండివాడు ఇంకేం వంక పెడతాడో అని అతని భయం. విసురుగా సగం గ్లాసు గడ్డి మీద కుమ్మరించాడు.

"ఎవరెవరున్నరో... అందరికి. ఐపాయె."

చెన్నయ్య ముఖం పాలిపోయింది. "గట్ల పొయ్యొద్దు బావ! పేరు పెట్టి పొయ్యాలె. మనోళ్లు కానోళ్లు ఉంటరు."

"ఉంటే తాగనియ్యి."

పొద్దు పూర్తిగా వాలిపోయింది. గాలి ఆగింది.

మొదట తడి మట్టి వాసన. బాగానే ఉంది. తర్వాత నిలవ నీటి వాసన. ఆ తర్వాత... ఇంకేదో. తడిబట్ట మూటగట్టి నెల రోజులు మరిచిపోతే, మళ్లీ విప్పినప్పుడు వచ్చే వాసన. అది చెన్నయ్య వైపు నుంచే వస్తోంది. నిమిష నిమిషానికీ దగ్గరగా వస్తోంది.

ఇంకెవరి దగ్గరైనా అయితే ఎల్లస్వామి ముక్కు మూసుకుని లేచేవాడే. కానీ ఏమని అంటాడు? ఏ మాటకు ఆరేళ్లు పోయాయో, అదే మాట మళ్లీ అనాలా? ఊపిరి బిగబట్టాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఏంది, గట్ల జేస్తున్నవ్?" అన్నాడు చెన్నయ్య మెల్లగా. "మళ్ల వాసనా?"

"లేదు లేదు. ఏ వాసనా లేదు."

అన్నాడు గానీ, అతని చూపు చెన్నయ్య పక్కనున్న ఖాళీ కుర్చీ మీద ఆగిపోయింది. ప్లాస్టిక్ కుర్చీ. దాని నాలుగు కాళ్లూ తడి నేలలోకి దిగుతున్నాయి. నెమ్మదిగా... ఎవరో బరువుగా కూర్చున్నట్టు. తర్వాత దాని పక్క కుర్చీ. తర్వాత ఇంకోటి. తర్వాత ఇంకోటి.

మేజా మీద అవతలి నాలుగు గ్లాసుల్లో కల్లు సగానికి వచ్చింది.

సరిగ్గా అప్పుడే చెరువు అవతల ఊరి దీపాలన్నీ ఒక్కసారి ఆరిపోయాయి. కరెంటు పోయింది. ఇక్కడి బల్బులు మాత్రం వెలుగుతూనే ఉన్నాయి. జనరేటరు చప్పుడు లేదు. ముప్పై ఏళ్లుగా వైర్లతో బతికిన కన్ను కదా, ఎల్లస్వామికి తెలియకుండానే ఆ తీగ వెంట పోయింది. ఈ కొమ్మ... ఆ కొమ్మ... చివరి కొమ్మ. అక్కడ తీగ అయిపోయింది. రెండు రాగి మొనలు ఖాళీగా వేలాడుతున్నాయి.

లేవాలి. లేచి పరుగెత్తాలి. కానీ లేస్తే? ఏం చెప్పి లేస్తాడు? ఈ చోటూ కాదని లేస్తే చెన్నయ్య రాడు. గంప లేదు. రుక్కమ్మ ముఖం, కరుణ ముఖం కళ్లముందు కదిలాయి. కూర్చునే ఉన్నాడు.

"పెండ్లెప్పుడు?" అని చెన్నయ్య వైపు నుంచి గొంతు వినిపించింది. మెత్తగా, గొంతులో నీళ్లున్నట్టు.

ఎల్లస్వామి ప్రాణం లేచి వచ్చింది. బామ్మర్ది దారికొచ్చాడు! "శుక్రారం. పొద్దుగాల పదిన్నరకు. తుర్కయాంజాల్ ఫంక్షన్ హాల్ల. అందరు రావాలె, అందరు వస్తెనే మాకు..."

"బావ," అన్నాడు చెన్నయ్య. "ఎవరితోని మాట్లాడుతున్నవ్?"

"నువ్వే అడిగితివి గద."

"నేను నోరు తెర్వలే."

అవతలి నాలుగు గ్లాసులూ ఖాళీ అయ్యాయి.

"బావ, నిజం చెప్పు," చెన్నయ్య గొంతు గుసగుసలోకి దిగింది. అతను తల తిప్పడం లేదు. మెడ కర్రలా బిగుసుకుపోయింది. "నా బిడ్డసొంటి కరుణ మీద ఒట్టేసి చెప్పు. నా కాడ వాసన వస్తుందా?"

ఎల్లస్వామికి ఏడుపొచ్చింది. "వస్తుంది చెన్నయ్యా... గని నీది గాదు. నీ పక్కన కూసున్నోళ్లది."

"నాకెరుకే." చెన్నయ్య పెదవులు మాత్రమే కదిలాయి. "ఇందాకటి సంది నా భుజం మీద చెయ్యేసిండు. తడి చెయ్యి. అందుకే లేస్తలేను."

ఎల్లస్వామి అతని భుజం వంక చూశాడు. అక్కడ ఏమీ లేదు. చొక్కా మాత్రం తడిసి, నాలుగు వేళ్ల మేర లోపలికి నొక్కుకుపోయి ఉంది.

అప్పుడు వచ్చింది ఆ మాట. పొద్దుటి నుంచీ స్పానర్లకు చెప్పిన మాట, దానంతట అదే వచ్చింది. "తప్పైంది చెన్నయ్యా. ఆనాడు నేనట్ల అనొద్దుండె. తప్పైంది. తమ్మీ, లే. నా చెయ్యి పట్టుకో... లే!"

మేజా మీదుగా బామ్మర్ది రెండు చేతులూ పట్టి గుంజాడు. రాలేదు. మళ్లీ గుంజాడు. గడ్డి లోంచి వేరు తెగినట్టు చప్పుడైంది... చెన్నయ్య అతని మీద వచ్చి పడ్డాడు. ఇద్దరూ వెనక్కి చూడలేదు. బండి ఎట్లా స్టార్టయిందో, మట్టి బాట ఎట్లా దాటారో ఇద్దరికీ తెలియదు. సాగర్ రోడ్డు మీద లారీల హారన్లు వినపడ్డాక, టీ కొట్టు ముందు ఎల్లస్వామి బండి ఆపాడు. ఇద్దరి గొంతుల్లోనూ ఒక్క చుక్క కల్లు పడలేదు. అది మాత్రం రాసిపెట్టుకోండి.

టీ తెచ్చుకున్నాక చెన్నయ్య అన్నాడు, "వస్త బావ. గంప ఒక దిక్కు నేను పడ్త, ఒక దిక్కు సతీశ్ పడ్తడు. అక్కకు చెప్పు."

ఎల్లస్వామి టీ గ్లాసు పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

శుక్రవారం హాలు నిండిపోయింది. పదిన్నరకు బాజాలు మోగాయి. మండపం మీద నిలబడ్డ ఎల్లస్వామికి జనం తలల మీదుగా గంప ఒక్కటే కనపడింది. అందులో తల వంచుకుని కరుణ. ఇటువైపు చెన్నయ్య కొత్త తలపాగా. రుక్కమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. గంప దిగింది, కరుణ పీట మీద కూర్చుంది, తెర పట్టారు. ఎల్లస్వామి గుండె మీద బరువు దిగింది.

అప్పుడు సతీశ్ చెమటలు కక్కుకుంటూ మెట్లెక్కి వచ్చాడు. "మామా, రోడ్డు మీద మస్తు జామ్! ఇప్పుడే వచ్చిన. గంప ఐపోయిందా? నా దిక్కు ఎవరు పట్టిండ్రు?"

ఎల్లస్వామి చెన్నయ్య వైపు చూశాడు. చెన్నయ్య ఖాళీ గంప పట్టుకుని, నేల చూపులు చూస్తున్నాడు.

"నేను అటు దిక్కు సూడలే బావ," అన్నాడు. "సూడబుద్ధి గాలే."

ఇందాక గంప చెన్నయ్య వైపుకు వాలి వచ్చింది. అవతలి వైపు జానెడు ఎత్తులో ఉంది. ఎల్లస్వామి తన కళ్లతో చూశాడు. రెండు వైపుల చుట్టాల్లోనూ చెన్నయ్యను మించిన పొడుగు మనిషి లేడు.

తెర వెనక పీట మీద కరుణ కుడిపక్కకు, ఎవరూ లేని చోటుకు తల ఎత్తి చూసింది. పెద్దవాళ్ల ముందు సర్దుకున్నట్టు కొంగు సర్దుకుంది. ఎవరో ఏదో అడిగితే సరేనన్నట్టు, సిగ్గుపడుతూ, తల ఊపింది.