పారబోయని దిష్టినీళ్లు

నరసరావుపేట దాటి వినుకొండ రోడ్డులో కాస్త దూరం పోతే, మిరప చేల పక్కన ఒక యూనివర్సిటీ వాళ్ల బయోటెక్నాలజీ ల్యాబు ఉంది. కిటికీలోంచి చూస్తే కోటప్పకొండ కనపడుతుంది. కాలేజీ పిల్లలకీ, వాళ్లకు పాఠాలు చెప్పే లెక్చరర్లకీ కలిపి అక్కడ శిక్షణ పెట్టారు. ఇన్నాళ్లూ పుస్తకంలో బొమ్మగా చూసినదాన్ని సొంత చేతులతో చేసి చూడొచ్చన్నారు.

పద్మజ గురజాలలో ఇంటర్ పిల్లలకు జువాలజీ చెబుతుంది. ఆమె ఒక్కతే రావలసింది. డిగ్రీ చదివే కూతురు భవ్య పేరు కూడా రాయించి వెంట తెచ్చుకుంది. ఆ వానాకాలంలో పిల్లకు డెంగీ వచ్చి, గుంటూరులో డాక్టర్లు ఆశ వదులుకోమన్నాక, ఎట్లాగో లేచి కూర్చుంది. అప్పటినుంచి భవ్య కళ్లముందు లేకపోతే పద్మజకు కాళ్లూ చేతులూ ఆడవు. పిల్ల స్నానానికి పోయినా తలుపు బయట నిలబడి మాట్లాడుతూనే ఉండేది.

శిక్షణ ముగిసే రోజు మధ్యాహ్నానికి మబ్బు కమ్మింది. ల్యాబులో ట్యూబులైట్లు వేశారు. ఒక మూల ఫ్రీజర్లు గుర్రుమంటున్నాయి. ఎటు తిరిగినా స్పిరిట్ వాసన.

"ఇయ్యాళ మన డీఎన్ఏని మనమే కళ్లతో చూసుకుంటాం," అన్నాడు శిక్షణ ఇచ్చే కుర్రాడు భానుప్రకాష్. "ఉప్పునీళ్లు బాగా పుక్కిలించి ట్యూబులో ఉమ్మండి. అంట్లు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వెయ్యండి. పైన చల్లటి స్పిరిట్ పోస్తే తెల్లగా దారంలాగా లేస్తది. అంతే."

"ఉప్పు, ఉమ్మి, నీళ్లు! ఇది దిష్టి తియ్యడమేగా సార్? ఎండు మిరపకాయలొక్కటే తక్కువ," అంది పక్క బల్ల దగ్గర నుంచి సబీహా. ఆమె మాచర్లలో బోటనీ లెక్చరరు. ఏటా పేపర్లు దిద్దే స్పాట్‌లో కలుస్తుండేది, అట్లా పద్మజకు చెల్లెలి వరస అయింది. "మా అమ్మ ఏ ట్రైనింగూ లేకుండానే ఇంట్లో ల్యాబు నడిపింది!"

అందరూ నవ్వారు. పద్మజ నవ్వలేదు. భవ్య పుక్కిలించి ఉమ్మిన ట్యూబు ఆమె చేతిలోనే ఉంది. ఉప్పు... నీళ్లు... పిల్ల ఉమ్మి. చెయ్యి దానంతటదే లేచింది.

"అమ్మా! పరువు తీయమాక. చూస్తన్నారు."

"చూడనీయే. ఆ చూపు కూడా ఇందులోకే దిగుద్ది. కదలమాక."

ఇటు మూడుసార్లు, అటు మూడుసార్లు తల చుట్టూ తిప్పింది. ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, ఆసుపత్రి దిష్టి, పిల్ల మీద ఏదుంటే అదంతా దిగిపోవాలని గొణుక్కుంది. "ఊఁ, మళ్లీ ఉమ్ము."

భవ్య నవ్వాపుకుంటూ తూ తూ తూ అని ఉమ్మింది. "ఈమె ఎమ్మెస్సీ జువాలజీ అంటే ఎవరన్నా నమ్ముతారా ఆంటీ?"

ట్యూబు తీసుకుని పద్మజ సింకు దగ్గరికి పోయి కుళాయి తిప్పింది. వంచబోతుంటే భానుప్రకాష్ పరిగెత్తుకొచ్చాడు.

"మేడం, మేడం! శాంపిల్ పారబోస్తన్నారేంది?"

ఆమె చేతిలోంచి అందుకుని, తనే లిక్విడ్ కలిపి, తనే స్పిరిట్ పోశాడు.

"అక్కా, దిష్టినీళ్లు ఉంచకూడదక్కా," అంది సబీహా చెవిలో. ఈసారి ఆమె మొహంలో వేళాకోళం లేదు.

"ఇంతమందిలో ఏమని చెప్పనే? జువాలజీ లెక్చరర్ని..."

మిగతా ట్యూబుల్లో దూది పింజల్లాగా ఏదో తేలింది. భవ్య ట్యూబులో లేచింది దారం కాదు. జడ. మెలికలు తిరుగుతూ, అడుగునుంచి నిటారుగా, తొందరేమీ లేనట్టు లేచి స్పిరిట్‌లో నిలబడింది.

భానుప్రకాష్ మురిసిపోయాడు. "అబ్బ! ఇంత చిక్కగా ఎప్పుడూ రాలా. మనిషి మొత్తం వచ్చేసినట్టుంది!"

దాన్ని వేలి కణుపంత బుడ్డి ట్యూబులోకి మార్చి, మూత నొక్కి, నల్లతాడు కట్టి లాకెట్‌లాగా భవ్య మెడలో వేశాడు. అందరివీ అట్లాగే చేస్తున్నాడు. పిల్లలు సెల్ఫీలు దిగుతున్నారు.

"అమ్మా, చలేస్తంది," అంది భవ్య.

అప్పుడే వాన పడింది. కరెంటు పోయింది.

ఫ్రీజర్ల రొద ఆగిపోయేసరికి గదంతా చెవులు మూసేసినట్టయింది. సాయంత్రం కూడా కాలేదు గానీ, బయట మబ్బుకు లోపల మనిషి మొహం ఆనడం లేదు. స్పిరిట్ వాసన కింద ఇంకేదో వాసన... ఆసుపత్రిలో తెల్లవారుజామున వచ్చే వాసన. పద్మజ తడుముకుని కూతురి చెయ్యి పట్టుకుంది. పిల్ల చేతికి ల్యాబులో ఇచ్చిన గ్లౌజు ఇంకా అట్లాగే ఉంది.

"ఇక్కడే ఉన్నావుగా?"

"ఉన్నానమ్మా..."

గొంతు పక్కనుంచి రాలేదు. కిందనుంచి వచ్చింది. మూత పెట్టిన సీసాలోంచి వచ్చినట్టు.

పద్మజ చెయ్యి బిగించింది. ఆ చెయ్యి మెత్తగా ఉంది. ఇంకా మెత్తబడింది. బరువు తగ్గింది...

"భవ్యా?"

"అమ్మా, మూత..."

కరెంటు వచ్చింది.

పద్మజ చేతిలో గ్లౌజు ఒక్కటే ఉంది. ఇంకా వెచ్చగానే ఉంది. దాని వేళ్లు ఆమె వేళ్లను పట్టుకునే ఉన్నాయి. పిల్ల కూర్చున్న స్టూలు మీద నల్లతాడు, బుడ్డి ట్యూబు.

"భవ్య ఏదే?"

"ఎవరక్కా?" అంది సబీహా.

"మా భవ్యే! ఇప్పుడేగా నీతో మాట్లాడింది!"

సబీహా దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యి వేసింది. చానా మెల్లగా అంది, "అక్కా... నీకు పిల్లలు లేరుగా. స్పాట్‌లో నువ్వే చెప్పుకుని ఏడ్చావు."

పద్మజ భానుప్రకాష్ వైపు చూసింది. అతను ఇబ్బందిగా తల గోక్కున్నాడు. "ఈ బల్ల దగ్గర మీరొక్కరే చేశారు మేడం."

బాత్రూములు చూసింది. మెట్లు దిగి వానలో గేటుదాకా పోయి అరిచింది. ఫోను చేస్తే భర్త వెంకట్రామయ్య, "ఏ పాపే? వాన పెద్దదయ్యేలోపు బస్సెక్కు," అన్నాడు. ఎవరిని అడిగినా అదే జాలి చూపు. బుడ్డి ట్యూబు మూత తియ్యబోయింది. గోళ్లు విరిగాయి గానీ రాలేదు. చివరికి సబీహాయే రెక్క పట్టుకుని నరసరావుపేట తెచ్చి, గురజాల మీదుగా పోయే మాచర్ల బస్సెక్కించి పక్కన కూర్చోబెట్టుకుంది.

బస్సులో పద్మజ ఆ పేరు నోట్లో పెట్టుకుని కూర్చుంది. భవ్య, భవ్య, భవ్య. నోరు ఆపితే పోతుందని ఆమెకు తెలుస్తోంది. ముందు పిల్ల మొహం పోయింది. తర్వాత గుంటూరు ఆసుపత్రి పోయింది, అక్కడ తను ఎవరికోసం కూర్చుందో అది పోయింది. పోయేది పోతున్నట్టు తెలుస్తూనే ఉంది. పట్టుకోవడానికి చేతికి ఏదీ దొరకడం లేదు. భవ్య, భవ్య... భవ...

నకరికల్లు దాటేసరికి పెదాలు ఊరికే ఆడుతున్నాయి. తర్వాత అవీ ఆగాయి.

"పిడికిట్లో ఏందక్కా అది?"

పద్మజ పిడికిలి విప్పి చూసుకుంది. నల్లతాడు కట్టిన బుడ్డి ట్యూబు. లోపలి వైపు ఆవిరి పట్టి, తగ్గి, మళ్లీ పట్టింది. వాన చలికేమో అనుకుంది.

"ఉప్పునీళ్లు... ఉమ్మి... దిష్టినీళ్లే సబీహా."

"ఎవరికి తీశావు?"

ట్యూబును అటూ ఇటూ తిప్పి చూసింది. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. ఎందుకో తెలియలేదు.

"గుర్తు రావడం లేదే."

"మరి ఇంకా పట్టుకుని కూర్చున్నావేంది? కాలువొస్తంది, పారెయ్."

సాగర్ కాలువ నిండుగా పోతోంది. బస్సు వంతెన ఎక్కగానే పద్మజ కిటికీలోంచి చెయ్యి చాపి విసిరేసింది. దిష్టి పారేసిన ఏ ఆడమనిషైనా చేసినట్టే, వెనక్కి చూడకుండా తిన్నగా కూర్చుంది. గుండెల మీద బరువు దిగినట్టయింది.

వంతెన దాటాక వెనక సీట్లలోంచి కండక్టరు వచ్చాడు. "అమ్మా, తడిసిపోయిన పిల్ల ఒకతె బస్సెనకాల పరిగెత్తుకొస్తంది. అమ్మా అమ్మా అని అరుస్తంది. మీ మనిషేనా?"

"కాదు," అంది పద్మజ. తల తిప్పలేదు. "పోనీయండి."

పిడుగురాళ్ల వచ్చింది. పోయింది. కండక్టరు మళ్లీ వెనక్కి పోయాడు. వెనక అద్దం దగ్గరే నిలబడ్డాడు. గురజాల స్టాండులో పద్మజ దిగుతుంటే ఆమె కోసం తలుపు తీసి పట్టుకుని, గొంతు తగ్గించి అన్నాడు.

"ఇంకా వస్తానే ఉందమ్మా..."