తలా? ఓడా?

"నిన్న రేవులో తేలిన శవం మన ఏజెంటుదే. వాడి మిషన్ ఇక నీది," అన్నాడు చీఫ్ రుటీలియస్, ఉల్లిపాయ నములుతూ.

విబియస్ మోకాలు నొక్కుకున్నాడు. పైకి సైన్యానికి గోధుమలు కొనే గుమాస్తా, లోపల రోమ్ గూఢచారి. పాతికేళ్ల సర్వీసులో ఒళ్లు హూనమైపోయింది.

"అయ్యా, పోయినసారిదే ఆఖరిదన్నారు!"

"ఒట్టు, ఇదే ఆఖరిదయ్యా! మధ్యాహ్నానికి మన శత్రుదేశం పార్థియా ముఠా ఈ రేవులోని గోధుమల గిడ్డంగి తగలబెడుతుంది. కాలిందా, రోమ్ పస్తే. ఆపావా, నీకు పింఛను, ద్రాక్షతోట. రేవు మెట్ల దగ్గర మెటిలియా ఉంటుంది. కోడ్, 'అంజూరాలు పులిశాయి'."

విబియస్ కంచు కుంచం చంకన పెట్టుకుని కుంటుతూ బయల్దేరాడు. దాని దొంగ అడుగులో కత్తి ఉంది.

రేవు మెట్ల మీద కుంకుమ రంగు పట్టు, గుప్పుమనే అత్తరు. మెటిలియా డబుల్ ఏజెంట్. పార్థియా జీతం తింటూ రోమ్‌కు పనిచేస్తుందనీ, పుట్టిపెరిగింది రోమ్ సందుల్లోనే అనీ రికార్డు.

"అంజూరాలు పులిశాయి."

"అయితే మీ అత్తగారికి పంపు," అందామె నవ్వి. "ఏం బాబూ, ఇంత ముసలాణ్ణి పంపారేం? పద, తూర్పు గిడ్డంగి."

"ఖాయమా? పడమర కూడా ఒకటుందిగా."

"నా మాట మీద నమ్మకం లేదా?"

తూర్పు గిడ్డంగి తలుపు ఓరగా తెరిచి ఉంది. లోపల కత్తి కాచుకుని ఉండొచ్చు.

"ముందెవరు వెళ్లాలో బొమ్మా బొరుసూ వేద్దాం. నువ్వే చెప్పు," అంటూ విబియస్ కంచు నాణెం తీశాడు. ఒకవైపు చక్రవర్తి తల. రెండోవైపు గోధుమ కంకులు పట్టుకున్న దేవత.

మెటిలియా దాన్ని రెండువైపులా తిప్పి చూసి తిరిగిచ్చింది. "తలా? దేవతా? నాకు దేవత."

విబియస్ చెయ్యి ఆగిపోయింది. నాణేల మీద ఓడ బొమ్మ పోయి తరాలైంది. అయినా నాణెం ఎగరేస్తే రోమ్‌లో పాలుతాగే పిల్ల కూడా 'తలా, ఓడా' అనే అంటుంది. అక్కడ పెరిగినవాళ్లెవరూ దేవత అనరు.

ఛీ, ఈ వయసులో పరుగొకటి!

అతను పడమటి గిడ్డంగి వైపు పరుగెత్తాడు. మెటిలియా విసిరిన జడసూది బాకులా చెవి పక్కనుంచి దూసుకుపోయింది. లోపల కూలీ వేషంలో ఉన్నవాడు నూనె కూజా ఒంపి, కాగడా వంచుతున్నాడు. జానెడు దూరం. విబియస్ కాగడా మీద కుంచం బోర్లించి, వాడి మీద కూలబడ్డాడు. మంట ఆరింది. మోకాలు మాత్రం భగ్గుమంది.

కాపలావాళ్లు మెటిలియాను రేవు దాటకముందే పట్టుకున్నారు.

"భేష్!" అన్నాడు చీఫ్. "సముద్రం అవతల, అంతియోకియలో ఇంకో చిన్న పని..."

"మీకు దణ్ణం పెడతాను. నా ద్రాక్షతోట!"

"సరే, నాణేన్నే అడుగుదాం. తల పడితే తోట. ఓడ పడితే ప్రయాణం."

నాణెం ఎగిరి బల్ల మీద పడింది. విబియస్ ఆత్రంగా వంగి చూశాడు. గోధుమ కంకులు.

"ఓడ పడలేదయ్యా! ఇది దేవత!"

"నువ్వసలు రోమ్‌లో పుట్టినవాడివేనా?" అన్నాడు చీఫ్. "మూట సర్దుకో."